పాసింది, పులిసింది, ముక్కింది



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆమె దగ్గర నేను రెండేళ్ళు చదువుకున్నాను. క్లాసులో మేడమ్ అన్నా, హాస్టల్లో అందరికీ ఆమె అమ్మగారే. గృహవిజ్ఞానం అంటే కుట్లూ అల్లికలూ అని నవ్వే రోజులవి. ఆమె మొదటి ప్రాక్టికల్లోనే మా చేత వంటింటి మసిగుడ్డ పిండించి, ఆ చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూపించారు. ఆ పూట మెస్‌లో ఎవరమూ సరిగ్గా తినలేదు.

మెస్‌లో ఏ గిన్నె మీద తగువొచ్చినా, తినొచ్చా పారబోయాలా అని, కబురు ఆమెకే వెళ్ళేది. మేమైతే మూత తీసి ముందు ముక్కు పెడతాం. ఆమె మూత జోలికి పోయేవారు కాదు. "ఎప్పుడు దించావు?" అని వంటామెను అడిగేవారు. "దించాక ఎక్కడ పెట్టావు? మధ్యలో గరిట ఎవరు ముంచారు?" ఇవన్నీ అయ్యాకే వాసన. ఒక్కోసారి వాసన కూడా చూడకుండా "పారబొయ్యి" అనేసేవారు. "బాగానే ఉంది కదమ్మా" అని వంటామె గొణిగితే, "బాగానే ఉంటుంది, అదే నా భయం" అనేవారు.

నలభై ఏళ్ళు ఫుడ్ మైక్రోబయాలజీ పాఠాలు చెప్పుకుని బతికిన నేను ఇవాళ చెప్పబోయేది ఆ ఒక్క మాటకు టీక.

ముందు మాటల సంగతి చూద్దాం. "చెడిపోయింది" అనే మాట మన వంటింట్లో నిజానికి తక్కువ వినిపిస్తుంది. అన్నం పాసిపోతుంది, కొన్నిచోట్ల పాచిపోతుంది. పాలు విరుగుతాయి. పిండి పులుస్తుంది. గుడ్డు మురుగుతుంది. తోటకూర వడలుతుంది, ఇంకో రోజు ఉంచితే కుళ్ళుతుంది. వంకాయ పుచ్చుతుంది, బెండకాయ ముదురుతుంది. బియ్యం ముక్కిపోతాయి. పచ్చడికి బూజు పడుతుంది. డబ్బా అడుగున మిగిలిన జంతికలకు సిక్కువాసన వస్తుంది. ఇన్ని క్రియలు ఎవరో నిఘంటువు నింపడానికి పుట్టించలేదు. ఒక్కో మాట వెనక జరిగిన పని వేరు, కాబట్టి తీర్పూ వేరు.

వడలిన తోటకూర నీరు కోల్పోయింది, అంతే. చల్లటి నీళ్ళలో కాసేపు ఉంచితే సగం ప్రాణం తిరిగొస్తుంది. ముదిరిన బెండకాయ పీచు కట్టింది. పంటికి కష్టం, పొట్టకు కాదు. పుచ్చు వంకాయలో పురుగు తిన్నంత మేర కోసేసి మిగతాది వండుకోవడం మన అమ్మమ్మలు చేసిందే, అందులో తప్పేమీ లేదు. సిక్కువాసనకు సూక్ష్మజీవులతో పనే లేదు. నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి విరిగిపోవడం అది. ఆ జంతిక ఒకటి తిన్నందుకు ఎవరూ ఆసుపత్రి పాలు కారు, కానీ తినదగ్గదీ కాదు. పాసిన అన్నంలో మాత్రం బాక్టీరియా పని మొదలైపోయింది. పట్టి చూస్తే వేళ్ళకు జిగురు, తీగ సాగుతుంది. అక్కడ ఇక విచారణ అక్కర్లేదు.

మరి పులిసిన అన్నం? అదీ బాక్టీరియా పనే. దాని గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే అమ్మగారికి ఇష్టమైన పాఠం అదే.

గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో తరవాణి కుండ ఉండేది. గంజి, నీళ్ళు, కాస్త అన్నం. దబ్బాకు వేసేవాళ్ళూ ఉన్నారు. రోజూ కొంత తీసుకుంటారు, కొంత కొత్తది పోస్తారు. కుండను ఎన్నడూ పూర్తిగా ఖాళీ చెయ్యరు. నిన్నటి పులుపు ఇవాళ్టి గంజిని పులిపిస్తుంది. తెలంగాణలో సద్ది, సీమలో సద్ది సంగటి, అంబలి, అన్నీ ఆ కుటుంబమే. ఈ కుండలో జరిగేది ఒక పరుగుపందెం. లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బాక్టీరియా ముందు గెలిచి, తక్కిన వాటికి బతుకు లేకుండా చేస్తుంది. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ 4.6 కంటే దిగితే బోటులినం లాంటి భయంకరమైన క్రిమి కూడా తలెత్తలేదు. పులిహోర ప్రయాణాల్లో నిలవడానికి, ముద్దపప్పు సాయంత్రానికే తేడా చెయ్యడానికి కారణం ఇదే. చింతపండు ఆమ్లాన్ని బయటినుంచి తెచ్చి పోస్తుంది, తరవాణి లోపలే పుట్టించుకుంటుంది. నిన్నటి చేపల పులుసు ఇవాళ రుచి అంటారే, దానికీ చింతపులుసే కాపలా.

ఇక్కడ నా సొంత అవమానం ఒకటి చెప్పాలి. ఒక మే నెల. రాత్రి వండిన అన్నం సగానికి సగం మిగిలింది. కుక్కర్ గిన్నెలోనే మూతపెట్టి గట్టు మీద వదిలేశాను. నీళ్ళు పొయ్యలేదు, మజ్జిగ పొయ్యలేదు, ఫ్రిజ్‌లో పెట్టలేదు. పొద్దున్నే మూత తీస్తే వాసనేమీ లేదు, జిగురూ లేదు. మెతుకు మెతుకూ విడివిడిగా ముచ్చటగా ఉంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పోపు వేసి బాగా వేయించి పోపన్నం చేశాను. ఎనిమిదింటికి తిన్నాం. పదకొండు లోపు ఇంట్లో నలుగురం వరసగా వాంతులు. సాయంత్రానికి తేరుకున్నాం గానీ, పాఠం చెప్పే మనిషి ఇంట్లో జరగాల్సిన పనేనా అది!

నేరస్తుడు బాసిల్లస్ సీరియస్ అని నా అనుమానం, లక్షణాలన్నీ దానివే. దాని బీజాలు మట్టిలో ఉంటాయి, బియ్యంతో వస్తాయి, ఉడికినా చావవు. అన్నం మెల్లగా చల్లారుతుంటే మేలుకుంటాయి, పెరుగుతాయి, వాటిలో కొన్ని రకాలు ఒక విషాన్ని వదులుతాయి. ఆ విషానికి పోపు వేడి లెక్కే కాదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు పని చూపిస్తుంది. 1970ల మొదట్లో బ్రిటన్‌లో చైనీస్ హోటళ్ళలో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్ళు ఇలాగే పడిపోతుంటే దీని బండారం బయటపడింది. అక్కడా కథ ఒకటే: ఒకేసారి పెద్ద మొత్తంలో అన్నం వండి, ఫ్రిజ్‌లో పెడితే ముద్దవుతుందని రాత్రంతా బయటే ఉంచారు.

చద్దన్నానికీ నా పోపన్నానికీ తేడా ఏమిటో చూశారా? రెండూ రాత్రి మిగిలిన అన్నమే. ఒకదానికి నీళ్ళు, పులుపు తోడిచ్చారు. రెండోదాన్ని ఒంటరిగా వదిలేశారు. "మా తాతలు చద్దన్నం తిని నూరేళ్ళు బతికారు" అని నా కూతురే నన్ను సమర్థించబోయింది. మీ తాతలు తిన్నది కుక్కర్ అడుగున మిగిలింది కాదమ్మా అన్నాను.

ముక్కు ఎందుకు మోసం చేసిందంటే, మనకు కంపు కొట్టించే క్రిములు ఒక జాతి, మనల్ని పడగొట్టేవి ఎక్కువగా మరో జాతి. కంపు కొట్టేవి ఒక రకంగా మన మేలు కోరేవే, ముందే చెప్పేస్తాయి. వంటవాడి వేలి పుండులోంచి వచ్చే స్టాఫిలోకాకస్ విషానికి వాసన లేదు. పెళ్ళి వంటల్లో పెద్ద గుండిగల నిండా వండిన మాంసం కూర గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే పెరిగే క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ కూడా మసాలా వాసన చాటునే ఉంటుంది. అందుకే అమ్మగారు ముక్కును సాక్షిగా పిలిచేవారు గానీ న్యాయమూర్తిగా కూర్చోబెట్టేవారు కాదు. ముక్కు వద్దంటే వద్దు. ముక్కు సరేనంటే మాత్రం ఇంకా అడగవలసినవి మిగిలే ఉన్నాయి: ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చెయ్యి.

బూజు దగ్గరికి వద్దాం. నా ఉద్యోగ జీవితమంతా దానితోనే గడిచింది.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. జబ్బేమిటో తెలియక దానికి టర్కీ ఎక్స్ అని పేరు పెట్టారు. తీగ లాగితే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. ఆ చెక్కలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు వదిలిన విషమే అఫ్లాటాక్సిన్. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద మాత్రం మెరుస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు గాజు పలక మీద ఆ నీలి చుక్క ఎంత అందంగా ఉందంటే, కాసేపు కొలతలు రాసుకోవడం మరిచిపోయాను. నీలంగా మెరిసేదాన్ని బి అనీ, పచ్చగా మెరిసేదాన్ని జి అనీ అంటారు. ఆ రంగుల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలే. బి1 కాలేయ క్యాన్సర్ తెచ్చేవాటిలో పేరుమోసింది.

మన దేశానికి ఆ పాఠం 1974లో వచ్చింది. రాజస్థాన్, గుజరాత్ సరిహద్దులోని గిరిజన గ్రామాల్లో కోతల ముందు అకాల వర్షాలు పడ్డాయి. తడిసిన మొక్కజొన్న కంకులు సరిగ్గా ఎండకుండానే ఇళ్ళలోకి చేరాయి. కొద్ది వారాల్లో జనానికి కామెర్లు, పొట్టలో నీరు. అదే తిండి తిన్న ఊరకుక్కలకూ అదే జబ్బు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్ళి పరిశోధించి, 1975లో లాన్సెట్ పత్రికలో రాశారు. 397 మంది జబ్బుపడ్డారు, 106 మంది చనిపోయారు. ఏడాది పొడుగునా వాళ్ళ తిండి మొక్కజొన్నే. "బూజు పట్టింది, తినకూడదు" అని మనం ఎంత సులువుగా అంటామో! పారేసి ఏం తినాలన్నది ఆ వాక్యంలో లేదు.

మన వేరుశనగ కథ చేనులోనే మొదలవుతుంది. అనంతపురం వైపు పంట చివర్లో వానలు ముఖం చాటేస్తే, భూమిలో బెట్టకు వచ్చిన కాయలోకి ఈ బూజు దూరుతుంది. పీకాక కాయల్లో తేమ 8 శాతం లోపుకు దిగేదాకా ఎండకపోతే బస్తాలో పెరుగుతుంది. దీనిమీద పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో ఏళ్ళ తరబడి పని జరిగింది. ఇంట్లో మనం చెయ్యగలిగింది ఒకటుంది. రేపు పల్లీలు వేయించే ముందు ఒక దోసెడు చేటలో పొయ్యండి. నున్నగా, గులాబిరంగు పొట్టుతో ఉన్నవి ఒక పక్క. ముడుచుకుపోయినవి, పొట్టు నల్లబడినవి, చీలినవి, లోపల పసుపో బూడిదో రంగు తిరిగినవి ఇంకో పక్క. విషమంతా సాధారణంగా ఈ రెండో కుప్పలోనే, అందులోనూ ఏ నాలుగైదు గింజల్లోనో పోగుపడి ఉంటుంది. విషానికి రుచి లేకపోయినా, పాడైన గింజ నమలగానే చేదు తగిలి ఉమ్మేస్తాం చూడండి, ఆ ఉమ్మెయ్యడం చాలా తెలివైన పని. సిగ్గుపడి మింగకండి. వేయిస్తే పోతుందనుకోవద్దు, వేపుడు వేడికి ఆ విషం పూర్తిగా పోదు. నూనె ఆడిస్తే ఎక్కువ భాగం చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్క గేదె తింటే కొంత రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది.

ఏరి పక్కన పెట్టిన ఆ రెండో కుప్ప ఏమవుతోంది? ఇది నన్ను వదలని ప్రశ్న. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్తే తాలు విడిగా కనిపిస్తుంది. కళ్ళాల్లో ఆడకూలీలు ఎండలో కూర్చుని, రంగు పోయిన, మచ్చపడిన కాయల్ని ఏరి పక్కన పోస్తారు. దానికీ ధర ఉంది. మంచికాయ కంటే చాలా తక్కువ, కానీ ఉంది. తాలుకాయ కొని ఎవరూ ఊరమిరపకాయలు పెట్టుకోరు. అది చేరేది మరకు. కాయగా ఉన్నప్పుడు కంటికి కనిపించే మచ్చ పొడి అయ్యాక కనిపించదు, ఎర్రరంగు అన్నిటినీ కప్పేస్తుంది. నన్నడిగితే, కారం కాయగా కొని ఆడించుకోగలిగినవాళ్ళు ఆడించుకోవడమే మేలు. ధాన్యం విషయంలో ప్రభుత్వమే తీర్పు చెబుతుంది: తేమ 17 శాతం, రంగు మారినవీ దెబ్బతిన్నవీ మొలకెత్తినవీ కలిపి 5 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో తిప్పలే. తుపాను వచ్చిన ఏడాది ఆ గీత సడలించమని రైతులు అడుగుతారు. న్యాయమే. గీత అవతల పడిన ధాన్యం మాయమైపోదు, తక్కువ ధరకు ఎవరి గిన్నెలోకో వెళ్తుంది.

కొన్ని చిన్న తీర్పులు గబగబా చెప్పేస్తాను, విద్యార్థులు రాసుకుంటున్నారు కాబట్టి. నీళ్ళలో తేలిన గుడ్డు పాతది. అంతమాత్రాన మురిగిందని కాదు, వేరే గిన్నెలో కొట్టి చూసుకోండి. మునిగిన గుడ్డు కొత్తది. అంతమాత్రాన సాల్మొనెల్లా లేదని కాదు, బాగా ఉడికించండి. పచ్చబడిన, మొలకెత్తిన బంగాళాదుంపలో సోలనిన్ ఉంటుంది, ఉడికినా పోదు. బియ్యంలో ముక్కపురుగు, నుసిపురుగు కనిపిస్తే ఎండబెట్టి చెరిగి వాడుకోవచ్చు. బియ్యం ముక్కవాసన వస్తే వద్దు. మెత్తటి బ్రెడ్డు మీద బూజు ఒక మూల కనిపిస్తే దాని దారాలు లోపలికి పాకి ఉంటాయి, ఆ మూల తుంచి తక్కింది తినకండి. ఉబ్బిన డబ్బాను రుచి కూడా చూడకండి.

సొరకాయకు మాత్రం ఒక నిమిషం ఇవ్వాలి. తరిగేముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని, చేదైతే కాయంతా పారెయ్యడం మన ఇళ్ళలో పాత అలవాటు. 2010లో ఢిల్లీలో చేదు సొరకాయ రసం తాగి ఒక శాస్త్రవేత్త చనిపోయారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి వేసిన నిపుణుల సంఘం చెప్పింది కూడా అదే: ముందు రుచి చూడండి, చేదైతే పారెయ్యండి, వేరే రసాలతో కలిపి తాగకండి. కాకరరసంలో కలిపితే ఏ చేదు దేనిదో నాలుకకు ఎలా తెలుస్తుంది? ఇక్కడ కాయ చూడ్డానికి నవనవలాడుతూ ఉంటుంది. చెడిందీ లేదు, ముదిరిందీ లేదు.

ఇక తేదీలు. మా మనవడికి వంటింట్లో వేదం ప్యాకెట్ మీది అంకె. నిన్నటితో "బెస్ట్ బిఫోర్" తేదీ దాటిన అటుకుల ప్యాకెట్టు చెత్తబుట్టలో వేస్తాడు. మూడు రోజుల కిందట సీలు విప్పిన పనీర్ ప్యాకెట్టు, తేదీ ఇంకా ఉందని తింటాడు. రెండూ తప్పే. "బెస్ట్ బిఫోర్" చెప్పేది రుచీ కరకరా ఎప్పటిదాకా అని. "యూజ్ బై", "ఎక్స్‌పైరీ" చెప్పేది ఆ తర్వాత తినొద్దని. 2020 నాటి మన లేబుల్ నిబంధనల్లో ఈ రెండోది తప్పనిసరి, మొదటిది కంపెనీ ఇష్టం. విడిగా అమ్మే మిఠాయిలకూ "బెస్ట్ బిఫోర్" తేదీ చూపించాలని అదే ఏడాది అక్టోబరు 1 నుంచి నియమం వచ్చింది, మంచి పని. అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్కడ అన్నిటికీ తేదీ చట్టమే వేయించిందనుకుంటారు. అక్కడి ఫెడరల్ చట్టం తప్పనిసరి చేసింది పసిపిల్లల ఫార్ములా పాలకు మాత్రమే. మిగతావి చాలావరకు తయారీదారు నాణ్యత కోసం వేసుకున్న తేదీలు.

ఏ తేదీ అయినా మూత విప్పని ప్యాకెట్టుకే. విప్పిన క్షణం నుంచి లెక్క మన చేతిది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులు, అందులో 60 శాతం ఇళ్ళలోనే. ఆ అంకె చూసి పారెయ్యడం పాపమనుకుని అనుమానపు గిన్నె తినేవాళ్ళున్నారు, ముఖ్యంగా మన ఇళ్ళలో ఆడవాళ్ళు. అందరికీ వేడివేడిది పెట్టి, మిగిలింది పొద్దున తాను తింటుంది. ఆ గిన్నె పారెయ్యాల్సి రావడం పొద్దున చేసిన తప్పు కాదు, రాత్రి తొమ్మిదింటికి ఎత్తిపెట్టకపోవడం తప్పు. ఆ ఎత్తిపెట్టే పని కూడా ఆమెదేనని ఎవరు రాసిపెట్టారో నాకు తెలియదు.

ఎత్తిపెట్టడం అంటే ఏమిటో చెప్పి ముగిస్తాను. తిండి 60 డిగ్రీల పైన ఉండాలి, లేదా 5 డిగ్రీల కింద ఉండాలి. మధ్యలో రెండు గంటలకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 32 డిగ్రీలు దాటిన ఎండల్లో గంటే గడువని అమెరికా వ్యవసాయశాఖ చెబుతుంది. మన మే నెలకు ఈ రెండోదే సరిపోతుంది. అన్నం, పప్పు లోతు గిన్నెలో కాకుండా పళ్ళెంలో పల్చగా పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. గిన్నె మీద చిన్న కాగితం అంటించి రోజు, వేళ రాయండి. అమ్మగారు అడిగే ప్రశ్నలకు ఆ కాగితం జవాబు చెబుతుంది.

ఇవాళ్టి భోజనం సంగతి ఉపన్యాసానికి ముందే వంటవాళ్ళను అడిగి తెలుసుకున్నాను. అన్నం, పప్పు, సాంబారు పన్నెండుంబావుకు దించారట. దద్దోజనం ఇప్పుడే కలుపుతున్నారు. టైము పన్నెండు యాభై, బయట నలభై ఒక్క డిగ్రీలు. చేతులు కడుక్కుని రండి.